పద్నాలుగో నంబరు నీలం

నాగరికత అంటే ప్రతి వస్తువుకూ దాని పేరుకు తగ్గ రంగు ఉండడమేనని మా జిల్లా వర్ణ–నామ సమన్వయ కార్యాలయం ఈ వసంతంలో తేల్చింది. అంతవరకూ మా కొండ ఊరివాళ్ళం అనాగరికులమని మాకెవరూ చెప్పలేదు.

ఫ్రెంచిలో 'బ్లె' అంటే నీలం. ఆ మాటను మేం ఇష్టం వచ్చినట్టు వాడేస్తున్నామని కార్యాలయం ఆవేదన. మెకానిక్కులు వేసుకునే పనిబట్టలు బ్లె. దెబ్బ తగిలి కమిలిన చోటు బ్లె. ఉద్యోగంలో కొత్తగా చేరినవాడు బ్లె. అలా సెగ చూపించి ఇలా తీసేసిన మాంసమూ బ్లెయే. ఇక బూజు చారల చీజ్‌ను వేరే పేరుతో పిలిచినవాడు మా ఊళ్ళో లేడు.

తనిఖీకి మొస్యూ పెలిసియే నలభై రంగు అట్టలతో దిగాడు. చట్టబద్ధమైన నీలం పద్నాలుగో నంబరు అట్ట ఒక్కటే. (మిగతావి ఎందుకని అడిగితే, అది వేరే శాఖ పరిధి అన్నాడు.) కసాయి కొట్లో మాంసం ఎర్రగా ఉందని బ్లె అన్న పేరు కొట్టేశాడు. అగ్నిమాపక దళంలో కొత్త ఉద్యోగి గులాబి రంగులో ఉన్నాడని రాసుకున్నాడు. నా గ్యారేజీ బట్టలు ఉతికి ఉతికి బూడిద రంగుకొచ్చాయట, వాటిని 'మాజీ బ్లె' అనాలట.

చివరికి అతనూ, వెంట నేనూ ఒదీల్ వెస్సియేర్ నేలమాళిగకు వెళ్ళాం. డెబ్బై ఏళ్ళ ఒదీల్ చీజ్ చేసే బతుకుతోంది. శనివారంలోగా ధ్రువపత్రం రాకపోతే సంతలో ఆమె 'బ్లె' బోర్డు దించెయ్యాలి.

పెలిసియే అట్టను చీజ్ పక్కన పెట్టాడు. "ఇది ఆకుపచ్చ, మదామ్."

"మా అమ్మ చేసినప్పుడూ ఇంతేనయ్యా. తిని చూడు, నీకే తెలుస్తుంది."

"రుచి మా శాఖ కాదండి," అంటూ ఒక ముక్క నోట్లో వేసుకుని, ఇంకోటి తీసుకున్నాడు.

"మరి రెండోసారి దేనికీ?"

"నిర్ధారణకు."

నిర్ధారణ ముగించుకుని మెట్లెక్కుతూ జారిపడ్డాడు. మోకాలు కమిలింది. మూడో రోజున కార్యాలయంలో ఇద్దరు సాక్షుల ఎదుట ప్యాంటు పైకి మడిచి చూస్తే, అచ్చంగా పద్నాలుగో నంబరే. రూలు రూలే కదా. మా ఊరి మొత్తానికి బ్లె ధ్రువపత్రం పొందింది ఆ మోకాలు ఒక్కటే.

శనివారం ఒదీల్ బోర్డు దిగింది. దాని స్థానంలో కార్యాలయం పంపిన బోర్డు ఎక్కింది: 'ఆకుపచ్చ మచ్చలు గల తెల్ల చీజ్'. పట్నం నుంచి వచ్చినవాళ్ళు అది చదివి పక్క దుకాణానికి పోతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఒదీల్ మాత్రం కత్తి తుడుచుకుంటూ కూర్చుంది.

తర్వాతి శనివారం పెలిసియే కుంటుకుంటూ వచ్చి అరకిలో చీజ్ అడిగాడు.

"ముందు ఆ ప్యాంటు పైకి లాగు," అంది ఒదీల్.

లాగాడు. మోకాలు ఆకుపచ్చగా మారింది. ఒదీల్ ఒక ముక్క కోసి దాని పక్కన పెట్టింది. రవ్వంత తేడా లేదు.

"చూశావుగా, రెండూ ఒకటే రంగు. నా బోర్డు నాకిచ్చెయ్."

పెలిసియే వంగి, కళ్ళజోడు సర్దుకుని, రెండింటినీ చాలాసేపు పరిశీలించాడు.

"రంగు ఒకటేనండీ, కాదనను," అన్నాడు ప్యాంటు దించుకుంటూ. "కానీ మోకాలికి కాగితం ఉంది. ఇంకా మూడేళ్ళు చెల్లుతుంది."