పసుపెక్కిన గాజుపలక

ఆ రోజు చేయాల్సిన పని చిన్నదే. పొద్దున్నే నాలుగో గాజుపలకని ఫర్నేసులో కాల్చాలి, చల్లార్చాలి, దానిలోంచి వెలుతురు ఎంత పోతోందో కొలవాలి. మధ్యాహ్నం బయటినుంచి పరీక్షకుడు వస్తాడు. పరిశోధక విద్యార్థినికి మరో ఏడాది గడువు ఇవ్వాలో, ఇంటికి పంపాలో తేల్చేది ఆయనే.

జింకు లవణం కలిపిన నీళ్ళలో, కరెంటు పారే పూత వేసిన పలకని ముంచి కరెంటు పంపితే, గాజుమీద జింక్ ఆక్సైడ్ పొర ఎక్కుతుంది. కాల్చని పొర పాలు ఒలికినట్టు మసగ్గా ఉంటుంది. కాల్చేకొద్దీ వెలుతురును ఎక్కువ పోనిస్తుంది. ఆమె థీసిస్ అదే. మూడు పలకలు ఆ మాటే చెప్పాయి. నాలుగోది అన్నిటికన్నా ఎక్కువ వేడిలో ఉంది.

ఆమె పక్కగదిలో ఆ మూడింటినీ మరోసారి కొలుస్తుండగా, ఆమె థీసిస్ గైడు ఆగలేకపోయాడు. ఫర్నేసు తెరిచి, పట్టకారుతో పలకని బయటికి తీశాడు. పసుపుగా ఉంది.

"కొంప మునిగింది! ఒరేయ్, ఇందులో గంధకం గానీ కాల్చావా?" అని పక్కనున్న సీనియర్ విద్యార్థిమీద విరుచుకుపడ్డాడు.

"నేనా? నేను ఫర్నేసు మొహం చూసి ఎన్నాళ్ళయిందో సార్."

"అయితే ఈ పసుపు ఆకాశంలోంచి ఊడిపడిందా?"

"నన్నడిగితే? పట్టకారు కడిగారా మీరు?"

"పట్టకారు గురించి నాకు చెప్పేంతవాడివయ్యావా!"

వాదన పట్టకారు దగ్గర్నుంచి నిరుడు పగిలిన బీకరు దాకా వెళ్ళింది. ఈలోగా బల్లమీద పలక చల్లారింది. వేడిమీద జింక్ ఆక్సైడ్ పసుపెక్కడం, చల్లారితే తెల్లబడటం మామూలే. ఇదీ తెల్లబడింది. ఇద్దరూ ఒకరినొకరు ఉరిమి చూసుకుంటున్నారు గాని, పలక వంక చూడలేదు.

"పాపం, ఆ పిల్ల చూస్తే బెంబేలెత్తిపోతుంది," అన్నాడు గైడు చివరికి. "వచ్చేలోగా పలచటి యాసిడ్‌లో ఓసారి ముంచి తీద్దాం. మరక పోతుంది."

ముంచి తీశారు. పలక తళతళలాడింది.

"చూశావా!" అన్నాడు గైడు.

అప్పుడే విద్యార్థిని వచ్చింది. జరిగింది సీనియర్ చెప్పాడు.

"పోయింది మరక కాదు అన్నా, పొరే," అంది. "జింక్ ఆక్సైడ్ యాసిడ్‌లో కరుగుతుందని మొదటి ఏడాది మీరే చెప్పారు కదా సార్!"

"గట్టిగా అనకమ్మా!"

గుమ్మంలో పరీక్షకుడు నిలబడి ఉన్నాడు. చెప్పినదానికంటే ముందే వచ్చాడు. నేరుగా బల్ల దగ్గరికెళ్ళి, పలకని కిటికీకేసి పట్టి చూశాడు.

"కాలిస్తే ఇంత తేటగా వచ్చిందా? ఇంకేం కావాలి? గడువు ఇచ్చేద్దాం."

గైడు దగ్గాడు. సీనియర్ ఫ్యాను వంక చూశాడు. ఆమె నోరు మూసుకుంటే ఏడాది చేతిలో ఉన్నట్టే.

"సార్, అది వట్టి గాజు," అంది విద్యార్థిని. మిగతాది కూడా చెప్పేసింది.

పరీక్షకుడు పలకని కింద పెట్టాడు. "ఊరుకుందామనిపించలేదా?"

"అనిపించింది సార్. కానీ రేపు దానికి గ్రాఫు గీయాల్సింది నేనే."

ఆయన కుర్చీ లాక్కుని రాయడం మొదలుపెట్టాడు. ఏడాది గడువు ఇచ్చాడు. ఒక షరతు పెట్టాడు: పలక కాల్చిన ప్రతిసారీ, ఫర్నేసు చల్లారేదాకా గైడు ఆ గదిలో అడుగుపెట్టకూడదు.

కింద గైడు సంతకం కూడా కావాలి. గైడు చేతిలో పట్టకారు పక్కన పెట్టి, సంతకం చేశాడు.