ఖాళీ లిఫ్టు బరువు

ఆ ఉదయం కవిగారి పథకం చాలా చిన్నది. అందరికంటే ముందే ఆఫీసుకు చేరి, తన దెయ్యం నవల మొదటి అధ్యాయాన్ని ఆఖరిసారి దిద్ది, మధ్యాహ్నంలోగా ప్రచురణకర్తకు పంపాలి. ఆయన జన్మలో ఒక్క కవిత కూడా రాయలేదు. రాసినవి రెండు కుటుంబ నవలలు. అయినా లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో సొంతంగా ఏదైనా రాసే మనిషి ఆయనొక్కరే కాబట్టి ఆ పేరు ఖాయమైపోయింది.

ప్రచురణకర్త మొహమాటం తెలియని మనిషి. "ఒక్క అధ్యాయం పంపండి. నాకు భయమేస్తే పుస్తకం వేస్తాను. లేకపోతే ఆ దెయ్యాన్ని వదిలేసి మళ్ళీ అత్తాకోడళ్ళ దగ్గరికి వెళ్ళిపోండి" అని తేల్చి చెప్పింది. కవిగారేమో రెండేళ్ళుగా ఆ నవలే లోకంగా బతుకుతున్నారు.

బయల్దేరుతుంటే భార్య టిఫిన్ డబ్బా చేతికిచ్చి, "నిన్న చదివానండీ. మీ దెయ్యం చాలా మంచిది. పాపం, కూర్చోమనాలనిపించింది" అంది. ఆవిడ ప్రేమగానే అంది. అందుకే ఇంకా బాధేసింది.

మేనేజరుది పిల్లిలా వెనక నుంచి వచ్చి కంప్యూటర్‌లోకి తొంగిచూసే అలవాటు. అందుకని కవిగారు నవలను ఆఫీసు తనిఖీ రిపోర్టు ఫారంలోనే రాసేవారు. పైన కంపెనీ పేరు, మధ్యలో 'పరిశీలన', 'చర్య' అనే గళ్ళు, అడుగున ముందే అచ్చయిన మేనేజరు సంతకం. అలా రాసీ రాసీ చివరికి నవల రూపమే అదైపోయింది.

పదకొండున్నరకు వెనక దగ్గు వినిపించింది. "ఆ ఎనిమిదంతస్తుల బిల్డింగ్ రిపోర్టు ఇంకా పంపలేదా? నోటీసు బోర్డులో పెట్టుకోవాలట."

కవిగారు కంగారుగా, తెరిచి ఉన్న రెండు ఫారాలనూ రెండు చోట్లకు పంపేసి హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

గంట తిరక్కుండానే మేనేజరు ఆయన్ని స్కూటరెక్కించుకుని ఆ బిల్డింగ్‌కు తీసుకెళ్ళాడు. లిఫ్టు పక్కన బోర్డు మీద ఇలా ఉంది: 'పరిశీలన: ఖాళీ లిఫ్టు బరువు, ఉండవలసిన దానికంటే అరవై కిలోలు ఎక్కువ. చర్య: ఆరో అంతస్తులో దానంతటదే ఆగితే దిగరాదు. వెనక నుంచి పిలిస్తే పలకరాదు.'

అది కవిగారి మొదటి అధ్యాయం. అంతకంటే ఘోరం, అక్కడ ఒక్కరూ భయపడలేదు.

"మా ఫ్లోర్లో దిగొద్దని రాయడమేంటండీ? మేమేమన్నా దొంగలమా?" అని ఆరో అంతస్తువాళ్ళు మండిపడుతున్నారు.

"ఆ అరవై కిలోల మనిషి ఏ ఫ్లాటు తాలూకో ముందు తేల్చండి" అన్నాడు ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు.

"ఇంకెవరు, మా ఆడపడుచే. నిన్ననే వచ్చింది. మనిషి బరువు ఇలా బోర్డుకెక్కిస్తారా?" అంది రెండో అంతస్తావిడ.

ఆ ఆడపడుచు వెనక నుంచి ముందుకొచ్చి, "నేను యాభై ఎనిమిదే" అంది.

గొడవ తేలేదాకా సెక్రటరీ లిఫ్టు ఆపించేశాడు. మేనేజరు మొహం కందగడ్డలా అయింది. "కవిగారూ, ఏంటిది?"

"నవల సార్" అన్నారు కవిగారు నీరసంగా.

ఇంతలో పైనుంచి మెకానిక్ దిగొచ్చాడు. "సార్, తాడులో మూడు పోగులు తెగాయి. పోయిన వారమే చెప్పాగా, మీరే తర్వాత చూద్దామన్నారు."

మేనేజరు తిట్టబోయిన తిట్టు మింగేసి, ఇప్పుడే కొత్త తాడు వేయమన్నాడు. అప్పుడే ప్రచురణకర్త ఫోన్ చేసింది. ఆవిడ గొంతు వణుకుతోంది.

"'మూడు పోగులు తెగినవి. రోజూ రెండు వందల మంది ఎక్కుచున్నారు. తదుపరి తనిఖీలో చూడవచ్చును.' ఎంత చల్లగా రాశారండీ. నేను ఐదంతస్తులు మెట్లు దిగొచ్చి, రోడ్డు మీద నిలబడి మాట్లాడుతున్నా. పుస్తకం వేస్తున్నాం. కింద సంతకం పెట్టాడే, అసలు దెయ్యం వాడే. వాణ్ణి చివరిదాకా ఉంచండి."

కవిగారి కళ్ళు చెమర్చాయి. "ఎవరు?" అన్నాడు మేనేజరు.

"మీ సంతకం బాగా నచ్చిందట సార్."

"అలాగా" అంటూ మేనేజరు చొక్కా సవరించుకున్నాడు.

మర్నాటి నుంచి కవిగారు మేనేజరు నోటి వెంట వచ్చిన ప్రతి మాటనూ శ్రద్ధగా రాసుకోసాగారు. ఆ ఏడాది ఉత్తమ ఉద్యోగి ఆయనే.