మూడు కాళ్ళ లెక్క

ఒక పెద్ద అడవిలో సన్యాసమ్మ అనే దుప్పి ఉండేది. వేటగాడి ఉచ్చులో పడి కుడి ముందరి కాలు పోగొట్టుకుంది. పోతే పోయింది, మిగిలిన మూడింటితోనే మేత మేసేది, పిల్లల్ని అదిలించేది, ఇరుగుపొరుగుతో పోట్లాట కూడా ఏమాత్రం తగ్గకుండా పెట్టుకునేది. ఒక్క నీళ్ళ దగ్గరే చిక్కు. ఏటి గట్టు నిట్టనిలువు. నాలుగు కాళ్ళవాళ్ళే దేవుణ్ణి తలుచుకుని దిగాలి.

అందుకని ఆవిడకి అండదండల సేవా సంఘం వాళ్ళు నీళ్ళు తెచ్చి ఇచ్చేవారు. సంఘం కార్యదర్శి బంగారయ్య అనే కొంగ. మంచివాడే, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. కాకపోతే మంచిపని చేసేటప్పుడు నలుగురూ చూడకపోతే ఆయనకి ఆ పూట చేప సయించదు. రోజుకో మోదుగాకు దొప్పతో నీళ్ళు, నీళ్ళకి ముందు అరగంట ఉపన్యాసం. ఉపన్యాసం ముగిసేసరికి దొప్పలో సగం కారిపోయేది.

"తాగేటప్పుడు కాస్త నవ్వమ్మా, చిలకలు చూస్తున్నాయి," అనేవాడు.

"నవ్వితే ఉన్న సగమూ మూతిలోంచి కారిపోతుంది బాబూ," అనేది సన్యాసమ్మ.

ఆవిడ కోరిక ఒక్కటే. దాహమైనప్పుడు లేచి, తన కాళ్ళమీద తాను వెళ్ళి, ఎవరికీ దండం పెట్టకుండా కడుపునిండా తాగి రావాలి.

ఏటికి ఒక్కచోట చదునైన రేవు ఉంది. సంఘం అర్జీ మీద అర్జీ పెట్టగా పెట్టగా, సింహం మహారాజు ఆ రేవుని అంగవైకల్యం ఉన్నవాళ్ళకి రాసిచ్చేశాడు. "కార్డు లేనిదే ఆ రేవులో ఎవరూ అడుగు పెట్టరాదు. ఆఖరికి నేనైనా సరే," అన్నాడు నిండు సభలో. ఆ చివరి ముక్క ముందుగా అనుకున్నది కాదు, ఊపులో వచ్చేసింది. సభంతా చప్పట్లు కొట్టడంతో ఇక తప్పక బండమీద చెక్కించాడు.

కార్డు కావాలంటే నూటికి నలభై వంతులు లోపం ఉండాలి. అది తేల్చడానికి ఒక బోర్డు. బోర్డంటే ఎంతమందో అనుకునేరు, గుడ్లగూబ డాక్టరు ఒక్కడే. కొలువేమో పట్టపగలు. పాపం ఆయనకి పగలు చూపు ఆనదు. అందుకని నేలమీద ఎన్ని పాదాలు ఆనాయో తడిమి లెక్క కట్టేవాడు.

బంగారయ్య సన్యాసమ్మని వెంటబెట్టుకుని బోర్డుకి వెళ్ళాడు. వరసలో ముందు కొండచిలువ ఉంది. డాక్టరు తల దగ్గర మొదలుపెట్టి తోకదాకా తడుముకుంటూ వెళ్ళాడు. చాలాసేపు పట్టింది.

"ఒక్క కాలూ లేదు. నూటికి నూరు. ఎప్పుడు పోయాయి నాయనా?"

"పుట్టుకతోనేనండి," అంది కొండచిలువ, గొంతు బొంగురు చేసుకుని.

"ఎంత కష్టం," అని కళ్ళొత్తుకుని డాక్టరు కార్డు ఇచ్చాడు.

తరవాత జెర్రి. అడవిదున్న తొక్కితే దానికి నూరు కాళ్ళలో నలభై ఒక్కటి పోయాయి. నలభై ఒక్క శాతం. కార్డు అందుకుని, మిగిలిన యాభై తొమ్మిదితో కంటికి కనబడకుండా పరిగెత్తింది.

సన్యాసమ్మ వంతు వచ్చింది.

"నాలుగింట మూడున్నాయి. ఇరవై అయిదు శాతం. కార్డు రాదు."

"జెర్రికి యాభై తొమ్మిది కాళ్ళున్నాయి బాబూ. నాకు మూడే."

"ఉన్నవాటితో బోర్డుకి పనిలేదమ్మా. పోయినవే లెక్క."

"మరి కొండచిలువకి ఏం పోయాయని?"

"అది పైవాళ్ళని అడగాలి," అన్నాడు డాక్టరు.

బంగారయ్యకి రోషం వచ్చింది. "ఇది అన్యాయం డాక్టరుగారూ," అంటూ ముందుకొచ్చి, అలవాటు కొద్దీ ఒంటికాలి మీద నిలబడ్డాడు. డాక్టరు తడిమాడు. "రెండింట ఒకటి. యాభై శాతం," అని కార్డు తీసి ఆయన ముక్కున పెట్టాడు.

"రెండోది కడుపు కింద ముడుచుకున్నానండి."

"కడుపు కింద సంగతులు బోర్డు చూడదు. తరవాత?"

బయటికొచ్చాక సన్యాసమ్మ అడిగింది. "ఆ కార్డు నాకిచ్చెయ్యండి బాబూ. మీకు రెక్కలున్నాయి కదా."

"పేరు మార్చడం కుదరదమ్మా. పోనీలే, సంఘం తరఫున నేనే ఉంచుతాను. రేపట్నుంచి నీకు ఆ మంచి రేవు నీళ్ళే తెస్తాగా," అన్నాడు బంగారయ్య. నిజంగా ఆవిడకి మేలు చేస్తున్నాననే అనుకున్నాడు, అదీ తమాషా.

నెల తిరక్కుండా కొంగలన్నిటికీ కార్డులు వచ్చేశాయి. పాములకొచ్చాయి, వానపాములకొచ్చాయి. చేపలైతే నీళ్ళలో ఉండే నీళ్ళకి కార్డు తెచ్చుకున్నాయి. రేవులో ఇసక వేస్తే రాలదు. సన్యాసమ్మ రెండోసారి బోర్డుకి వెళ్ళింది. ఇరవై అయిదే.

ఇలా ఉండగా మహారాజుకి దాహం వేసింది. చదును రేవులోకి వెళ్ళడానికి బండమీది మాట అడ్డం. చేసేది లేక నిట్టనిలువు గట్టు మీదనుంచి దిగబోయి, జర్రున జారి, ఎడమ ముందరి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎన్ని ఆకులు కట్టినా అది అతకలేదు. ఎండు కొమ్మలా వేళ్ళాడుతూ ఉండిపోయింది.

దాహం రాజునైనా వదలదు కదా. మూడు కాళ్ళమీద కుంటుకుంటూ ఆయనా బోర్డుకి వచ్చాడు. ఆ రోజు సన్యాసమ్మ మూడోసారి వరసలో ఉంది. కొండచిలువ కూడా ఉంది, ఈ నెల్లో కొత్తగా కాళ్ళేవీ మొలవలేదని రాయించుకోవడానికి. రాజు అందర్నీ దాటి ముందు నిలబడ్డాడు.

డాక్టరు తడిమాడు. "నాలుగింట మూడు. ఇరవై అయిదు. కార్డు రాదు. తరవాత?"

ఎలుగుబంటి మంత్రి డాక్టరు చెవిలో ఏదో ఊదాడు. డాక్టరు మెడ వెనక్కి తిరిగిపోయి, మళ్ళీ నెమ్మదిగా ముందుకొచ్చింది.

"తమకి... పావు వంతు తక్కువ, మహాప్రభూ."

"తక్కువా?" అన్నాడు సింహం మెల్లగా. "నాకు?"

వరసలోవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. కొండచిలువ బతుకులో మొదటిసారి, కాళ్ళుంటే బాగుణ్ణు అనుకుంది.

సన్యాసమ్మకి గొంతు ఆర్చుకుపోతోంది. రాజు ఈ డాక్టర్ని మింగేస్తే బోర్డు ఉండదు. బోర్డు లేకపోతే బతికినంత కాలం దొప్పే గతి. మూడు గెంతుల్లో ముందుకొచ్చింది.

"ఏలినవారికి తక్కువని ఎవరన్నారు బాబూ? తమకి మూడున్నాయి. అంటే ఉండాల్సినవి మూడే. మిగతావాళ్ళకే ఒకటి ఎక్కువైంది."

సింహం ఆవిడ కాళ్ళవంక చూశాడు. "నీకెన్ని?"

"తమకెన్నుంటే నాకూ అన్నే."

ఆ సాయంత్రానికే దండోరా పడింది. ఈ అడవిలో నిండు కాళ్ళంటే మూడు. నాలుగున్నవాళ్ళకి ఒకటి అదనం. అదనపు కాలిని ఊరికే మోసుకు తిరక్కుండా రాచకార్యంలో పెట్టాలి. మొదటి రాచకార్యం, ఏటి గట్టు తవ్వి వాలుగా చెయ్యడం.

మర్నాటినుంచి అడవిపందులూ కణుజులూ ఏనుగులూ గట్టు దగ్గర చేరి ఒంటికాలితో తవ్వడం మొదలుపెట్టాయి. రెండో కాలు పెడితే తప్పు, అది నిండు లెక్కలోది. "అదనపుది ఏదో ఎలా తెలుస్తుంది ప్రభూ?" అని ఎలుగు మంత్రి అడిగితే, "నొప్పి పుట్టినదే," అన్నాడు మహారాజు.

పదిరోజుల్లో ఇవతలి గట్టు వాలుగా అయింది. సన్యాసమ్మ పొద్దున్నే లేచి, తన కాళ్ళమీద తాను దిగి, ముక్కుదాకా మూతి ముంచి తాగింది. చూడ్డానికి ఒక్క చిలకైనా లేదు.

దొప్ప పట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు బంగారయ్య. "నువ్వే దిగి తాగేస్తే సంఘం ఏమైపోవాలమ్మా?"

"అవతలి గట్టున నాలుగు కాళ్ళవాళ్ళు ఇంకా తవ్వుతూనే ఉన్నారు, పాపం. వెళ్ళి ఆదుకో బాబూ," అంది సన్యాసమ్మ, మూతి తుడుచుకోకుండానే.

ఆ అండదండల సంఘం పేరు ఇప్పుడు అధికాంగ బాధితుల సేవా సంఘం. మొదటి దరఖాస్తు ఎలుగు మంత్రిదేనట.

ఇందులోంచి పట్టుకెళ్ళాల్సిందల్లా ఇంతే: ఎవరికెంత లోపమో తేల్చాలంటే వాళ్ళ కాళ్ళు లెక్కపెట్టి లాభం లేదు, ముందు రాజుగారివి లెక్కపెట్టాలి.