వకుళనరహరిలో సగం

పెళ్లి రిజిస్టరైన మరుక్షణం వకుళ, నరహరి ఒకే పదమైపోయారు. గుండ్లమూరు మునిసిపాలిటీలో దంపతులందరికీ అలాగే జరుగుతుంది. భుజానికి భుజం అతుక్కుంటుంది, వెబ్‌సైటులో పేరు వకుళనరహరి అని ఏకంగా పడుతుంది, సినిమా హాల్లో ఒకే సీటు ఇస్తారు.

వెబ్‌సైటులో పేరు ఎలా మారితే మనిషీ అలాగే మారతాడు. పేరుకు అటొక నక్షత్రం గుర్తు, ఇటొకటి పెడితే అక్షరాలు బొద్దవుతాయి. దాంతో మనిషీ బొద్దవుతాడు, గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఈ హోదా కౌన్సిలర్లకు మాత్రమే.

వకుళ ఏడో వార్డులో గెలిచింది. కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేసే జరీనా ‘వకుళ’ వరకే నక్షత్రాలు పెట్టింది. పదం మధ్యలో పడిన నక్షత్రాన్ని కంప్యూటర్ ఒప్పుకోలేదు. అవి నక్షత్రాలుగానే మిగిలి, ఒకటి వకుళ చెవి పక్కన, ఇంకొకటి సరిగ్గా ఇద్దరి భుజాల మధ్య పొడుచుకుని నిలబడ్డాయి. ప్రమాణస్వీకారం ముంచుకొస్తోందని జరీనా పదం మొత్తానికీ పెట్టేసింది. ఇద్దరూ బొద్దయ్యారు.

నరహరికి కొత్త గొంతు తెగ నచ్చింది. మొదటి సమావేశంలో వకుళ నోరు తెరిచేలోపే లేచి, వార్డుకొచ్చిన మంచినీళ్ల పైపును తన తమ్ముడి లాడ్జి వైపు తిప్పించేశాడు. కిటికీ అద్దాలు గలగలలాడాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు వకుళ జరీనాని నిలదీసింది. "ఓట్లు నాకు పడితే ఈయన గొంతు పెరగడమేంటమ్మా?"

నరహరీ పక్కనే ఉన్నాడు, ఉండక తప్పదు. "ఒకే పదం కదే, విడదీసి చూస్తావేంటి?" అన్నాడు.

"కుళాయి దగ్గర ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నన్నొక్కదాన్నే అడుగుతున్నారు."

జరీనా కీబోర్డు దగ్గరికి లాక్కుంది. "పక్కన ఖాళీ ఉంటేనే నక్షత్రం పనిచేస్తుంది మేడమ్. కంటికి కనిపించని ఖాళీ ఒకటుంది. వెడల్పు సున్నా. మీ ఇద్దరి మధ్య పెట్టమంటారా?"

"విడాకులు కాదు కదా?" నరహరి కంగారుపడ్డాడు.

"కాదు సార్. చూసేవాళ్లకి అతుక్కునే ఉంటారు."

మధ్యలో ఆ ఖాళీ పెట్టి, నరహరి చివరున్న నక్షత్రాన్ని వకుళ పక్కకి జరిపి మీట నొక్కింది. టైరులో గాలి తీసినట్టు నరహరి మామూలైపోయాడు. భుజాల మధ్య ఏదో చల్లగా పాకింది. అతను కిసుక్కున నవ్వాడు.

"గాలే! ఎన్నేళ్లయిందే!"

వకుళకీ నవ్వు ఆగలేదు. ఆ బొద్దు నవ్వుకి ఆఫీసు ఫ్యాన్లు వాటంతటవే తిరిగాయి.

తర్వాతి సమావేశంలో చైర్మన్ అలవాటుగా "చెప్పండి నరహరిగారూ" అన్నాడు. నరహరి చెప్పింది పక్క కుర్చీకి కూడా వినిపించలేదు. వకుళ చెప్పింది బస్టాండులోనూ వినిపించింది. పైపు వార్డుకి తిరిగొచ్చింది.

ఒక్కటే చిక్కు. రేషన్ షాపులో వకుళనరహరి అని వెతికితే, అలాంటివాళ్లు ఊళ్లోనే లేరంది కంప్యూటర్. మధ్యలో ఖాళీ ఉంటే దాని లెక్కలో అది వేరే పదం. విషయం కమిషనర్ దాకా వెళ్లింది. ఇలా దొరకనివాళ్లు ఇంకెవరున్నారో చూడమన్నాడాయన. జరీనా ఊళ్లో పేర్లన్నీ వెతికి వచ్చింది.

"చాలా జంటల్లో ఆ ఖాళీ ముందునుంచే ఉంది సార్. నేను పెట్టింది మాత్రం ఒక్కటే."

కమిషనర్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "మాది చూశావా?"

"చూశాను సార్. మీకు మూడున్నాయి."

ఆయన తలూపాడు. "రేషన్ షాపువాళ్లని మనుషుల్ని చూసి గుర్తుపట్టమను. పైకి కలిసే కనిపిస్తున్నాం కదా, అలాగే ఉంచు."

ఆయన భుజానికి అతుక్కుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న భార్య తలెత్తకుండానే, "అవును, బానే ఉంది" అంది.