వాన పడుతున్నట్టు ఉత్తర్వు

గొడుగులు బాగుచేసే ఆయన దగ్గర ప్రభుత్వం ఒక గొడుగు తీసుకుంది. అది ఆయన భార్యది. ఆమె పోయింది, గొడుగు మిగిలింది, దాన్ని ప్రభుత్వం పట్టుకుపోయింది. ఇందులో వాదనకు తావు లేదు.

నల్ల గొడుగు. ఒక పక్క చిరిగితే ఆమె పసుపుపచ్చ దిండు గలీబు కత్తిరించి అతుకు వేసింది. మొగుడు ఊరందరి గొడుగులూ కుడతాడు, ఆయన్ని మాత్రం అడగలేదు. "నీ కుట్టు బేరాలకు, నా కుట్టు ఇంటికి" అనేది. మిట్టమధ్యాహ్నం రోడ్డు పక్క ఆయన పనిచేసుకునే బల్లకు దాన్ని కట్టి వెళ్లేది. అది ఎండ గొడుగు. వాన మొహం ఎరగదు.

ఆ ఏడు పెద్ద వానలు రావచ్చని పాలనాధికారి గారికి అనిపించింది. వారికి అనిపించడమంటే మనకు అనిపించినట్టు కాదు. సాయంత్రానికల్లా అత్యవసర పరిస్థితి వచ్చేసింది. ప్రైవేటు గొడుగులన్నీ ప్రజల గొడుగులయ్యాయి. ప్రజల గొడుగులు ప్రజల దగ్గరుంటే పాడైపోతాయి కనుక గోడౌనుకు చేర్చారు. తడిస్తే గుడ్డ చివికిపోతుంది కనుక వానాకాలం వెళ్లేదాకా బయటికి తీయరాదన్నారు. ఇంత ముందుచూపున్న ప్రభుత్వం ఎంతమందికి దొరుకుతుంది!

గొడుగులతోపాటు గొడుగులు కుట్టే చేతులు కూడా అత్యవసరమే. అందుకని ఆయన్నీ గోడౌనుకు చేర్చారు. చేర్చింది ఎవరో కాదు, సొంత బావమరిది. కొత్తగా వాన పర్యవేక్షకుడయ్యాడు.

"మొహం అలా పెట్టకు బావా. దేశసేవ అందరికీ దొరుకుతుందా?"

"అది మీ అక్క గొడుగురా."

"అక్కే ఉంటే తనే తెచ్చి ఇచ్చేది."

"మీ అక్కే ఉంటే నీ వీపు విమానం మోత మోగేది."

ఆయన కోర్టుకెక్కాడు. వాన లేనప్పుడు వాన అధికారం ఎలా చెల్లుతుందని అడిగాడు. న్యాయమూర్తి గారు లేచి కిటికీలోంచి చూశారు. ఎండ పేలిపోతోంది. వాన పడుతుంటే తప్ప ఎవరి గొడుగూ ప్రభుత్వం ఉంచుకోరాదని తీర్పు ఇచ్చారు. అధికారానికి హద్దు ఏర్పడిందని జనం మిఠాయిలు పంచుకున్నారు.

మిఠాయి నోట్లో ఉండగానే ఉత్తర్వు వచ్చింది. వాన పడుతున్నది.

కోర్టు మాటను అక్షరాలా పాటించే ప్రభుత్వం అంటే అది. జనం కూడా తక్కువ తినలేదు. చెప్పులు చేతపట్టుకుని, లేని నీటిగుంటలు దాటుతూ నడిచారు. మిద్దెల మీద ఎండబెట్టిన బట్టలు పరుగున తెచ్చుకున్నారు. బళ్లకు సెలవిచ్చారు. పొడి తలతో తిరగడం ఉత్తర్వును ధిక్కరించడమే కనుక ప్రతివాళ్లూ గడప దాటే ముందు నెత్తిన చెంబుడు నీళ్లు పోసుకున్నారు. దాంతో నీళ్లు కరువయ్యాయి. కరువు కోసం ఇంకో అత్యవసర పరిస్థితి పెట్టి, బావులు కూడా తీసుకున్నారు. ఎడతెరిపి లేని వానలో నీటి కరువును ఎదుర్కొన్న ధీరులుగా పాలనాధికారి గారికి సన్మానం తలపెట్టారు.

సన్మానానికి వేదిక, వేదికకు గొడుగు. చిన్న గొడుగులన్నీ విప్పి ఒకే మహా గొడుగు కుట్టమన్నారు. గొడుగులాయన కుట్టనన్నాడు.

"కుట్టకపోతే లోపలేస్తారు బావా. అక్కడా చేయించేది కుట్టుపనే."

కుట్టాడు. నల్ల గొడుగు చేతికొచ్చాక చువ్వల నుంచి గుడ్డను తనే విప్పాడు. పసుపు అతుకు సరిగ్గా అధికారి గారి నెత్తిమీదికి రావాలన్నారు. రంగు శుభంగా ఉందట.

ఆయన మళ్లీ కోర్టుకు వెళ్లాడు. న్యాయమూర్తి గారు కిటికీ వైపు లేవబోయారు. ప్రభుత్వ వకీలు అడ్డు తగిలాడు.

"అయ్యా! వాన పడుతోందా లేదా అన్నది పరిపాలనకు సంబంధించిన విషయం. న్యాయస్థానం చట్టం చూడాలి గానీ ఆకాశం చూడరాదు."

న్యాయమూర్తి గారు కూర్చున్నారు. ఇలా కూర్చోవడానికి పెద్ద పేరే ఉంది, న్యాయశాస్త్రం పుస్తకాల్లో. అయినా ఆయన న్యాయం తప్పే మనిషి కాదు. ఫిర్యాదుదారు ఆస్తి తిరిగి ఇచ్చేయమన్నారు. ప్రభుత్వం వెంటనే ఇచ్చింది. చువ్వలు, కాడ, పిడి.

"మరి గుడ్డ?" అన్నాడు ఆయన.

"అందులో ప్రభుత్వ శ్రమ కలిసిపోయింది" అన్నాడు వకీలు.

"ఆ శ్రమ నాదే కదయ్యా!"

"నువ్వు ప్రభుత్వానివి కదయ్యా!"

హాలంతా చప్పట్లు.

సన్మానం రోజు పాలనాధికారి గారు మహా గొడుగు కింద నిలబడి ప్రసంగించారు. "ప్రియమైన ప్రజలారా! మీ త్యాగం వల్ల, నా చర్యల వల్ల వాన ఆగిపోయింది. ఈ క్షణం నుంచి ఎండ కాస్తున్నట్టు ప్రకటిస్తున్నాను!"

అప్పుడు వాన మొదలైంది. కుండపోత. బలవంతాన వేసిన కుట్లు ఒక్కొక్కటే ఊడి, మహా గొడుగు పేలికలై జారిపోయింది. అధికారి గారి నెత్తిమీద పసుపు అతుకు ఒక్కటి ఊడలేదు. ఆమె కుట్టు అది. ఆ జానెడు గుడ్డ కింద ఆయన పొడిగా నిలబడి ఎండను వర్ణిస్తూ పోయారు. జనం నిలువునా తడుస్తూ చేతుల్తో విసురుకున్నారు.

గొడుగులాయన జనం వెనక నిలబడి ఉత్త చువ్వలు విప్పి నెత్తిమీద పట్టుకున్నాడు. ముక్కుచివర నీళ్లు కారుతున్న పక్కింటావిడ దగ్గరికొచ్చింది.

"కాస్త జరుగు అన్నయ్యా, నేనూ నీడకొస్తా. ఏం ఎండ, ఏం ఎండ!"

ఆమె వెనక మరో నలుగురు వచ్చి ఆ చువ్వల కింద సర్దుకున్నారు. హాయిగా ఉందన్నారు.

పసుపు అతుకుకు అద్దం కట్టించి ప్రభుత్వ కచేరీలో వేలాడదీశారు. కింద 'ప్రజలు మనస్ఫూర్తిగా సమర్పించినది' అని రాయించారు. ఆ వార్త చెప్పడానికి బావమరిది పొంగిపోతూ ఆయన బల్ల దగ్గరికి వచ్చాడు.

"చూశావా బావా, అక్క కుట్టుకు ఎంత గౌరవమో!"

ఆయన దారం పంటితో తెంపాడు. "ఆ మాట ఇంకోసారి నా దగ్గర ఎత్తకు."

అంతే. మళ్లీ ఆయన దాని ఊసెత్తలేదు, ఎత్తడు. మీరూ వెళ్లి అడగకండి. ముందు ఆ తల తుడుచుకోండి, నీళ్లు కారుతున్నాయి.