కడుపు నింపని హోటలే గొప్ప హోటలు

తిన్నవాడి కడుపు నిండితే అది ఏషియన్ రెస్టారెంటే కాదు! ఈ మాట నేను తమాషాకు అనడం లేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల్లో ఈమధ్య వెలిసిన ఏషియన్, సీఫుడ్ రెస్టారెంట్లన్నీ తిరిగి, తిని, తినలేక, మళ్ళీ తిని, బాగా ఆలోచించి చెబుతున్నాను.

అసలు కడుపు నింపడానికి హోటలెందుకండీ? ఆ పని మన ఇంట్లో పొయ్యి ఎప్పటినుంచో చేస్తూనే ఉంది. ఆకలితో లోపలికి వెళ్ళి, ఆకలితోనే బయటికొచ్చి, 'సూపర్‌గా ఉంది' అనగలిగినవాడే నాగరికుడు. ఆ శిక్షణ ఇస్తున్న సంస్థలను మీరు తిట్టుకుంటున్నారంటే మీకింకా నాగరికత అబ్బలేదన్నమాట.

రెస్టారెంటు నుంచి వచ్చినవాళ్ళు ఇంటి తాళం తీయగానే ఎక్కడికి పరిగెడతారో గమనించారా? వంటింట్లోకి! నిలబడే పెరుగన్నం కలుపుకుంటారు. ఊరగాయ జాడీని కళ్ళకద్దుకుంటారు. పెరుగన్నానికి ఇంత గౌరవం మన పెద్దవాళ్ళ కాలంలో ఉండేదా? లేదు. తెచ్చిపెట్టింది ఎవరు? ఏషియన్ రెస్టారెంట్లు!

మేం పుట్టి పెరిగింది ఆసియాలోనే అన్న సంగతి కూడా ఈ బోర్డులు చూసేదాకా మాకు గుర్తులేదు. బోర్డు మీద 'ఏషియన్' అని ఉంటే లోపల మన వంట ఒక్కటీ ఉండదని మాత్రం గట్టిగా తెలుసుకున్నాం. భూగోళం ఇంత తేలిగ్గా ఏ మాస్టారూ చెప్పలేదు.

ఇక సముద్రం. మాది కొండల మధ్య ఊరు. సముద్రం ఏ దిక్కున ఉందని అడిగితే బస్టాండు వైపు చెయ్యి చూపిస్తాం. నిన్నమొన్నటిదాకా మాకు చేప అంటే చెరువు చేప. దాన్ని పులుసు పెట్టుకుని, మర్నాటికి ఇంకా బాగుందని సంబరపడే అమాయకులం. ఇప్పుడు రొయ్య, పీత, స్క్విడ్, అన్నీ పిండి కోటు తొడుక్కుని నూనెలో మునిగి వస్తున్నాయి. కోటు లోపల ఏముందో కొరికితే గానీ తెలియదు, కొరికాక కూడా కొన్నిసార్లు తెలియదు. ఇంత సస్పెన్స్ టమోటా మార్కెట్లో వేలం పాడేటప్పుడు తప్ప ఇంకెక్కడైనా దొరుకుతుందా?

టమోటా అంటే గుర్తొచ్చింది. ధర పడిపోయి రైతులు రోడ్డు పక్కన పారబోసిన టమోటాలను దాటుకుంటూ రెస్టారెంటుకు వెళ్ళి, ఎక్కడో తయారైన సాస్ పొట్లాన్ని పళ్ళతో చింపుకుంటాం. ఇంత నిబ్బరం యోగులకు కూడా ఉండదు.

మదనపల్లెలో ఒకచోట జపాన్ వంటకం తిన్నాను. చల్లారిన అన్నం, చుట్టూ నల్లటి ఆకు. నాతో వచ్చిన మిత్రుడు యేసుదాసు ఇంట్లో అన్నం కొంచెం చల్లారినా కంచం నెట్టేసే మనిషి. అదే యేసుదాసు ఆ చల్లటి ముద్దకు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి, 'ఎంత ఫ్రెష్‌గా ఉందో!' అన్నాడు. వాళ్ళావిడ దెబోరా నోరు తెరుచుకుని అతన్నే చూస్తూ ఉండిపోయింది. మర్నాడు పొద్దున రాత్రి మిగిలిన అన్నాన్ని తమలపాకులో చుట్టి ముందు పెట్టిందట. కిక్కురుమనకుండా తినేశాడట! కాపురాలు చక్కబడడం అంటే ఇది కాదా?

కుప్పంలో కొరియా వంటకం తెప్పించుకున్నాను. మూడు రాష్ట్రాల సరిహద్దు కాబట్టి అక్కడి వెయిటరు అదేమిటో తెలుగులో, తమిళంలో, కన్నడంలో వివరించాడు. మూడు భాషలూ వచ్చిన నాకు మూడింటిలోనూ అర్థం కాలేదు. తీరా చూస్తే పులిసిన క్యాబేజీ! పులిసిందని ఇంట్లో పారబోసేదాన్ని బయట ఏసీలో కూర్చుని తింటున్నామంటే మన ప్రగతిని ఎవరు శంకించగలరు?

పుంగనూరులో మోసిన్ అని నాకు తెలిసిన మనిషి చేపల వేపుడు బండి పెట్టుకున్నాడు. చెరువు చేప, కారం, నిమ్మరసం. ఏళ్ళ తరబడి తిన్నారు గానీ ఎవరూ ఫోటో తీయలేదు. ఈమధ్య బండికి ఎర్ర లాంతర్లు కట్టి 'థాయ్ ఫ్రైడ్ ఫిష్' అని రాయించాడు. అదే చేప, అదే కారం. ఇప్పుడు క్యూ కడుతున్నారు.

"థాయ్ యాడుండాది మోసిన్?" అని అడిగాను.

"నాకేం తెలుసు భాయ్! లాంతర్లు అమ్మినాయన చెప్పినాడు, రాయించేస్తి," అన్నాడు.

అన్నిటికన్నా పెద్ద మేలు మా దవడలకు జరిగింది. మాది రాగి సంగటి తినే ప్రాంతం. సంగటిని నమలకూడదు. వేడి ముద్దలోంచి చిన్న ఉండ తీసి, పులుసులో ముంచి, నోట్లో వేసుకుని గుటుక్కున మింగాలి. నమిలితే పళ్ళకు అతుక్కుంటుంది, పక్కవాళ్ళు నవ్వుతారు. ఇలా తరతరాలుగా పనీపాటా లేకుండా ఉన్న మా దవడలకు స్క్విడ్ రింగు ఉపాధి కల్పించింది. పుంగనూరులో ఒక రింగు నోట్లో వేసుకుంటే చౌడేపల్లె చేరేదాకా నములుకోవచ్చు.

ఇంత చెప్పినా మీకు నమ్మకం కుదరలేదని తెలుసు. అందుకే మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. కడుపు నింపని హోటలు ఒక ఆడపిల్ల పెళ్ళి ఎలా నిలబెట్టిందో మీరే చూడండి.

మా అక్క నాగరత్నమ్మ, బావ చెంగయ్య చౌడేపల్లె దగ్గర ఆవులు పెట్టుకుని పాలు పోస్తారు. వాళ్ళ కూతురు కీర్తికి బెంగళూరులో ఉద్యోగం. అదే ఆఫీసులో లోకనాథ్ అనే కుప్పం అబ్బాయి. ఇద్దరూ ఇష్టపడ్డారు. పెద్దవాళ్ళు ఒకసారి కలుసుకుని సరేనంటే చాలు. అనకపోతే?

"వాళ్ళూ వీళ్ళూ ఊ అంటేనే మామా. అనలేదంటే ఇంక నా ముందర పెండ్లి మాట ఎత్తొద్దండి," అంది కీర్తి. నేను ఎత్తుకుని తిప్పిన పిల్ల.

పూర్వమైతే అబ్బాయి తరఫువాళ్ళు ఇంటికొచ్చి, కొట్టం చూసి, ఆవుల్ని చూసి, సంగటి తిని మాట ఇచ్చేవాళ్ళు. ఇప్పుడలా చేస్తే మోటుగా ఉంటుంది కదా! అందుకని ఇద్దరికీ నడుమ ఉన్న పుంగనూరులో 'ఓషన్ డ్రాగన్' అనే ఏషియన్ అండ్ ఫ్రైడ్ సీఫుడ్ రెస్టారెంట్లో మధ్యాహ్నం భోజనానికి కలుద్దామనుకున్నారు.

బావకు ముందురోజు నుంచే గుబులు. "వాళ్ళు రైలు దారిలో ఉండేవాళ్ళప్పా. దినామూ బెంగళూరు తిండే తింటారంట. మనం సంగటోళ్ళమని తెలిస్తే పాపను ఒద్దంటారేమో," అన్నాడు.

"ఆడ సంగటి పేరే ఎత్తొద్దు నాన్నా. వాళ్ళెట్ల తింటే మనమూ అట్లే తిందాం," అని కీర్తి నచ్చజెప్పింది.

అవతల లోకనాథ్ కూడా వాళ్ళ నాన్న మునెప్పకు అచ్చం ఇదే చెప్పి తీసుకొచ్చాడని మాకెలా తెలుస్తుంది?

అందరం కూర్చున్నాం. ఆల్విన్ అనే వెయిటరు ఒక్కొక్కరి ముందూ రెండేసి పుల్లలు పెట్టాడు. బావ ఒక పుల్ల ఎత్తి చూశాడు. పొద్దున్నే పళ్ళు తోముకునే వచ్చాను గదా అన్నట్టు నా వైపు చూశాడు.

మోమోలు వచ్చాయి. తెల్లగా, గుండ్రంగా, పొగలు కక్కుతూ. పక్కన ఎర్రటి చట్నీ. ఇటువాళ్ళు అటు చూశారు, ఎలా తింటారో కనిపెడదామని. అటువాళ్ళు ఇటు చూశారు, అందుకే. ఎంతకీ ఎవరూ మొదలుపెట్టరు! పెళ్ళి మాటల్లో అంత మౌనం మంచిది కాదు. బావకు చెమటలు పట్టాయి. చివరికి తెగించి చెయ్యి చాచి, ఒక మోమో తీసుకుని, చట్నీలో ముంచి, పుట్టినప్పటి నుంచీ తెలిసిన పద్ధతిలో గుటుక్కున మింగేశాడు!

మునెప్ప కళ్ళు పెద్దవయ్యాయి. ఓహో, ఇదన్నమాట పద్ధతి అనుకున్నాడు కాబోలు, ఆయనా ఒకటి ముంచి మింగాడు. ఆయన భార్య రంగనాయకమ్మ మింగింది. మా అక్క మింగింది. మధ్యవర్తిని కాబట్టి నేనూ మింగాను. లోపల కాగుతున్న కూర గొంతు దిగుతుంటే ఏడేడు లోకాలూ కనిపించాయి.

"అప్పా, దాన్ని నమలాలప్పా!" అంటూ ఆల్విన్ పరిగెత్తుకొచ్చాడు. వినే స్థితిలో ఎవరూ లేరు.

బావ కళ్ళ వెంట ధారగా నీళ్ళు.

"యాలన్నా ఏడుస్తాండారు?" అని రంగనాయకమ్మ తన కళ్ళు తుడుచుకుంటూనే అడిగింది.

"ఆడబిడ్డ ఇల్లు ఇడిసిపోతాదని తలుసుకుంటే దుఃఖమొస్తాదమ్మా," అన్నాడు బావ.

అంతే! మునెప్ప ఆయన చెయ్యి పట్టుకుని తనూ ఏడ్చాడు. అక్క ఏడ్చింది, రంగనాయకమ్మ ఏడ్చింది. మాట ఖాయం కాకముందే అప్పగింతలు జరిగిపోయాయి.

తర్వాత వేపిన స్క్విడ్ రింగులు, పీత కాళ్ళు వచ్చాయి. ముహూర్తాల మాట ఎత్తాల్సిన సమయంలో అందరూ నములుతున్నారు. నోట్లో ఉన్నది నలగదు, నలిగేదాకా మాట పెగలదు. భోజనం అయిపోయింది. ఎవరి ఆకలీ తీరలేదు, ఎవరూ మాట ఇవ్వలేదు. 'శానా బాగుండాది' అని మాత్రం ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి.

లేచి వెళ్తూ రంగనాయకమ్మ, "ఇంటికి పొయ్యి ఆలోచన చేసి ఫోన్ చేస్తాములే అన్నా," అంది.

ఆ మాటకు మన దేశంలో అర్థమేమిటో మీకు చెప్పక్కర్లేదు. కీర్తి మొహం పాలిపోయింది. లోకనాథ్ తల వంచుకుని వాళ్ళ కారు వైపు నడిచాడు.

మేం కారెక్కాం.

"నాకు కండ్లు తిరగతాండాయి. పాపమ్మ మెస్సుకు పోనీప్పా," అన్నాడు బావ.

"ఇప్పుడు కూడా సంగటేనా నాన్నా?" అంది కీర్తి ఏడుస్తూ.

"ఆకలైతాంది పాపా," అన్నాడు బావ. ఆయన కూడా ఏడుస్తున్నాడని అప్పుడు గమనించాను.

పాపమ్మ మెస్సు బస్టాండు వెనక సందులో ఉంది. ఆమే వండుతుంది, ఆమే వడ్డిస్తుంది. లోపల అడుగుపెట్టామో లేదో, మూల బల్ల దగ్గర మునెప్ప! చొక్కా చేతులు పైకి మడిచి, సంగటి ముద్ద మధ్యలో వేలితో గుంట చేసి, చేపల పులుసు పోసుకుంటున్నాడు. రంగనాయకమ్మ అప్పుడే ఉండ నోట్లో వేసుకుంది. మమ్మల్ని చూసింది. మింగింది.

రెండు కుటుంబాలూ దొంగతనంలో పట్టుబడ్డ మొహాలు వేసుకున్నాయి. నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు నవ్వు రాలేదు. సిగ్గేసింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తింటున్న తిండిని తినడానికి ఇంత చాటు ఎందుకొచ్చిందా అని బాధేసింది.

బావే ముందు కదిలాడు. వెళ్ళి మునెప్ప పక్కన కూర్చుని, "పాపమ్మా, నాకూ రెండు ముద్దలు తీసుకురామ్మా," అన్నాడు.

"అయ్యో అన్నా! మీరు దినామూ ఆ పుల్లల్తోనే తింటారనుకుంటిమే!" అంది రంగనాయకమ్మ. "మేం సూస్తే సంగటోళ్ళం. మా ఇంట్లో మీ పాప యాడ ఇముడుతాది, ఫోన్ చేసి ఒద్దని చెప్పేద్దామనుకుంటిమి."

"పుల్లలా? నేను చెవిలో పెట్టుకోబోతే మా పాప గిల్లింది గదమ్మా!" అన్నాడు బావ.

మునెప్ప నోట్లో ఉన్నది మింగి, "ముహూర్తం సూడండప్పా," అన్నాడు. కీర్తి వెళ్ళి లోకనాథ్ పక్కన కూర్చుని, అతని కంచంలోంచే ఒక ఉండ తీసుకుంది. పిల్లకు మళ్ళీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకని ఎవరూ అడగలేదు.

చూశారా! ఆ ఓషన్ డ్రాగన్ వాళ్ళు మా కడుపులు నింపి పంపించి ఉంటే ఏమయ్యేది? ఇరుపక్షాలూ త్రేన్చుకుంటూ ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు. సాయంత్రానికి ఫోన్ వచ్చేది. పిల్ల జీవితాంతం కుమిలిపోయేది. కాబట్టి కడుపు నింపని హోటలు దేశానికి ఎంత అవసరమో సాక్ష్యంతో సహా నిరూపించాను. ఇక్కడితో ఆపేసి ఉంటే నా వాదనకు మర్యాదగా ఉండేది.

కానీ అక్కడే, ఆ బల్ల మీదే, ఇంకా చేతులు కడుక్కోకుండానే, రిసెప్షన్ భోజనాల మాట వచ్చింది.

"ఆ డ్రాగనోళ్ళకే చెప్దామప్పా. మోమో కౌంటరు ఒగటి, వేపిన రొయ్యలు ఒగ పక్క," అన్నాడు మునెప్ప.

"ఆ రింగులు కూడా పెట్టాల," అన్నాడు బావ.

కీర్తి తల పట్టుకుంది. "అవన్నీ ఎవరు తింటారు నాన్నా?"

"మనకా పాపా? వచ్చేవాళ్ళకు! సంగటి పెడితే నలుగురూ ఏమనుకుంటారు?"

వచ్చే ఆ నలుగురూ ఎవరంటారా? పెద్దపంజాణి వాళ్ళు, చౌడేపల్లె వాళ్ళు, వి.కోట వాళ్ళు. ముద్ద మింగి పెరిగినవాళ్ళు తప్ప ఇంకొకరు లేరు. ఆ మాట ఇద్దరు వియ్యంకులకూ తెలుసు. తెలిసే అన్నారు.

బావ చెయ్యి కడుక్కునే నెపంతో పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. "పెండ్లి దినం మా ఇంటోళ్ళకు మటుకు సంగటి చేసి పెట్టు పాపమ్మా. ఎవురికీ చెప్పొద్దు," అని గొణిగి వచ్చాడు. కాసేపటికి మునెప్ప కూడా చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. ఆయన గొణిగిందీ అదే.

నేను వెళ్ళేసరికి పాపమ్మ తెడ్డు పట్టుకుని ఆలోచనలో పడి ఉంది.

"రెండిండ్లోళ్ళూ ఈడే తింటే ఆడ తినేదెవురప్పా?" అని అడిగింది.

ఏషియన్ వంటల ఘనత గురించి ఇంతసేపు వాదించినవాణ్ణి, అటూ ఇటూ చూసి పొయ్యికి దగ్గరగా జరిగాను.

"నాకూ ఒక ముద్ద పక్కన పెట్టమ్మా," అన్నాను.

గొంతు తగ్గించే అన్నాను లెండి. వెనక బల్ల దగ్గర మదనపల్లెలో మా వీధివాళ్ళు తల వంచుకుని సంగటి తింటున్నారు. వింటే ఏమనుకుంటారు!