ముందు చక్రం మోత మహిమ

కారు ముందు చక్రం మోగడం ఒక వరం! కాదన్నవాడు టాక్సీ తోలి ఎరగడు.

ఈమధ్య నా టాక్సీ ముందు చక్రానికి బేరింగ్ మార్పించాను. మార్చకముందు వూఁ అనేది. మార్చాక కూడా వూఁ అంటోంది. కొత్త బేరింగుకి పాత పాట ఎవరు నేర్పారు? అదే మహిమ!

మా కుమాసీ ఊరి సందుల్లో హారన్ కొడితే మేకలు చెవి కూడా కదపవు. నా చక్రం మూలిగితే చాలు, లేచి పిల్లల్ని వెంటబెట్టుకుని మరీ పోతాయి. నేను రెండు వీధుల అవతల ఉండగానే మా ఆవిడ అచియా వేడివేడిగా ఫుఫూ ముద్ద గిన్నెలో పెట్టేస్తుంది. మాటలు తక్కువ మనిషిని. వస్తున్నానని నా తరఫున చక్రమే చెబుతోంది. ఇంకేం కావాలి?

భక్తి కూడా పెరిగింది. చర్చి గడప తొక్కనివాళ్లు నా వెనక సీట్లో కీర్తనలు అందుకుంటున్నారు!

ఇక వైద్యానికి కొదవా? ఎక్కినవాడల్లా డాక్టరే.

"టైరు అరిగింది మామా."

"టైరు కాదయ్యా, గేర్‌బాక్స్. మా బావమరిదిదీ ఇలాగే ఏడ్చేది."

టమాటాల బుట్టతో ఎక్కినావిడ ఇద్దరినీ కొట్టిపారేసింది. "మీ మొహం! ఎవరిదో దిష్టి. మామా, ఈ కారు చూసి ఎవరు కుళ్లుకుంటున్నారో ఆలోచించు."

ఆలోచించాను. ఈ కారు చూసి కుళ్లుకునేవాడు ఇంకా పుట్టలేదు.

ఫిట్టర్ ఫ్రెంపాంగ్ అయితే స్క్రూడ్రైవర్ చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని విని, "కొత్త చెప్పులు కిర్రుమనవా పెద్దన్నా? ఇదీ అంతే" అన్నాడు. మోత ఆగకపోతే ఆ కొత్తదాన్నీ తీసి ఇంకో కొత్తది వేశాడు. వూఁ!

ఇంతలో అచియా మేనమామ పోయాడు. శనివారం మాంపాంగ్‌లో అంత్యక్రియలు. కారు నిండా బంధువులతో కొండ ఎక్కాలి, దిగాలి. మలుపులో చక్రం ఊడితే? అదీ మంచిదే! వేసుకున్న నల్లబట్టలు మా అంత్యక్రియలకీ పనికొస్తాయి. పొదుపు కాదా?

అచియాకి పొదుపు నచ్చలేదు. శుక్రవారం నాతో షెడ్డుకి వచ్చింది.

"మోత ఎటు?" అంది.

"ఎడమ" అన్నాను.

"మార్చింది?"

"కుడి."

"రెండుసార్లూనా!"

రెండుసార్లూ. ఏం చెయ్యమంటారు? మా స్టీరింగ్ ఎడమవైపు. మోత నా ఎడమ మోకాలి దగ్గర. ఫ్రెంపాంగ్ కిటికీ దగ్గర వంగి "ఎటు పెద్దన్నా?" అన్నాడు. జుట్టు నెరిసిన మనిషి. మా దగ్గర ఎడమ చెయ్యి చూపిస్తే తిట్టినట్టే. అతని మొహం మీద ఎడమ చెయ్యి ఊపనా? మా అమ్మ నన్ను అలా పెంచలేదు. కుడి చెయ్యి ఎత్తాను. అది కుడివైపుకి పోయింది. చేతితో చూపించాక మళ్లీ నోటితో చెప్పడం దేనికి?

"నీకు వినబడలేదా?" అని అచియా ఫ్రెంపాంగ్‌ని నిలదీసింది.

"వినబడకేం అక్కా! ఎడమే. మొదటిరోజే తెలుసు. కానీ పెద్దాయన కుడి చూపించాక కాదనగలనా?"

చూశారా సంస్కారం!

అప్పుడు చేసింది అచియా ఆ పని. అందరి ముందూ ఎడమ చెయ్యి చాచి, "ఇది! ఈ చక్రం!" అంది.

షెడ్డులో సుత్తులు ఆగిపోయాయి. ఫ్రెంపాంగ్ మొహం తిప్పుకున్నాడు. నేను తల దించుకున్నాను. తర్వాత ఎడమవైపు జాక్ పెట్టి ఎత్తితే చక్రం ఊడబోయే పన్నులా ఊగింది.

శనివారం కొండ ఎక్కాం, దిగాం. చప్పుడు లేదు. మేకలు లేవడం లేదు. నా ఫుఫూ చల్లగా ఉంటోంది. ఎక్కినవాళ్లు కీర్తన మానేసి కిరాయి బేరమాడుతున్నారు.

మా అందరిలో ఉన్నమాట చెప్పినవాళ్లు ఇద్దరే: ఆ బేరింగు, మా ఆవిడ.

బేరింగును పీకి పారేశాం. మా ఆవిడ చేత ఫ్రెంపాంగ్‌కి జిన్ను మందు సీసా ఇప్పించి, క్షమాపణ చెప్పించాం.

కుడి చేత్తోనే ఇచ్చింది లెండి.